మేనమామ బదులు వచ్చిన పెట్టె

నేను ఒక అట్టపెట్టెలో సర్దుకుని వచ్చిన ఏడుగురిని. డిస్కు మింగే నోరూ, నీలి అక్షరాలు వెలిగే చిన్న గాజు కిటికీ ఉన్న పెద్ద డబ్బాను నేనే. నేల మీద కూర్చుని గుమ్‌గుమ్మని గుండెలదిరించే బరువు పెట్టెనూ నేనే. అరచేతిలో ఇమిడే బుల్లి స్పీకర్లు ఐదు, అవీ నేనే. పాటకు పాట, సినిమాకు సినిమా, రేడియోకు రేడియో, ఇంట్లోవాళ్లకు పాడాలని బుద్ధి పుడితే మైకు, అన్నీ నాలోనే ఉన్నాయి. దుకాణాల్లో నన్ను హోం థియేటర్ అంటారు. సిరిసిల్లలో నేను చేరిన ఇంటి పెద్దావిడ నర్సవ్వ మాత్రం మొదటిరోజు నుంచి నేటిదాకా "డబ్బాలు" అనే అంటుంది. నేనూ అలవాటు పడ్డాను.

ముంబై పక్కన ఒక రేకుల షెడ్డులో పుట్టాను. ఒకామె నా లోపలి తీగలను అతికింది, ఇంకొకామె మరలు బిగించింది. చివర్లో కళ్లజోడు పెట్టుకున్న ముసలాయన నన్ను పరీక్షకు కూర్చోబెట్టాడు. పాట పెట్టి చూస్తాడని ఆశపడ్డాను. ఆయన రిమోటు మీద టెస్ట్ అనే బటన్ నొక్కాడు. నా ఐదు బుల్లి స్పీకర్లలోంచి ఒకదాని తర్వాత ఒకటి "షూ..." అని చప్పుడు వచ్చింది. ముందు ఎడమ, నడుమ, కుడి, వెనక కుడి, వెనక ఎడమ, మళ్లీ మొదటికి. పొయ్యి మీద కుక్కర్ ఆవిరి వదిలినట్టు, అంతే. అయిదూ పలికాయని ఆయన కాగితం మీద ఐదు టిక్కులు పెట్టి, పక్కకు నెట్టాడు. ఇంత గొప్ప గొంతు పెట్టుకుని, నేను నోరు విప్పి పలికిన మొదటి మాట ఆ షూ. చాలా రోజులు అది నాకు అవమానంగానే ఉండేది.

నన్ను కొన్నవాడు మహేందర్. సొంతూరు సిరిసిల్ల, పని భివండిలో. అక్కడా ఇక్కడా అదే పని, మరమగ్గాలు నడపడం. అతని అక్క స్వరూప కూతురు వర్షిణికి మూడో ఏడు నడుస్తోంది. వేములవాడలో పుట్టువెంట్రుకలు తీయించాలి. అలాంటప్పుడు పిల్ల మేనమామ ఒళ్లో కూర్చోవాలి, మొదటి కత్తెర ఆయనే వేయాలి. మహేందర్‌కు సెలవు దొరకలేదు. మేనమామ రాలేకపోతే మేనమామ పేరు మీద ఏదైనా రావాలి కదా. అలా నన్ను కొని, పెట్టె మీద మార్కరుతో "నా కోడలు వర్షిణికి, మామ" అని రాసి, సిరిసిల్ల పోయే బస్సు టాపు మీదికి ఎక్కించాడు. ఆ రాత నా ఒంటి మీద ఉన్నందుకేమో, దారి పొడుగునా నేను సామానులా రాలేదు. చుట్టంలా వచ్చాను.

శనివారం పొద్దున దిగాను. ఆ ఇంటి గడపలోకి రాగానే నా పొగరు దిగిపోయింది.

ఇల్లంటే రెండు గదులు. పెద్ద గది వెనక గోడ ఆ ఇంటిదీ, అవతలి కార్ఖానాదీ కూడా, అటు పోవడానికి దానికో గుమ్మం ఉంది. అవతల నలభై ఎనిమిది మరమగ్గాలు. సిరిసిల్లలో వాటిని సాంచాలంటారు. కరెంటున్నంతసేపూ అవి టకా టకా కొట్టుకుంటూనే ఉంటాయి. గిన్నెలు అలమారులో వాటంతటవే జరుగుతాయి. బిందెలో నీళ్లు వణుకుతాయి. నేల మీద కాలు పెడితే ఆ అదురు మోకాలిదాకా ఎక్కుతుంది. ముంబైలో నా గొంతు గురించి పెట్టె మీద వేసుకున్న అంకెలన్నీ ఆ గోడ ముందు పనికిరాకుండా పోయాయి.

ఆ ఇంట్లో ఇంకొక వింత ఉంది. అక్కడ ఎవరూ మాట్లాడరు. కొట్లాడుకుని కాదు, మాట్లాడినా వినపడదు గనక. కార్ఖానాలో నేతగాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. పోగు తెగిందంటే రెండు వేళ్లు కలిపి విడదీస్తారు. అతికిందంటే విడదీసిన వేళ్లను కొసలు తాకేలా కలుపుతారు. సాంచా ఆపమంటే పిడికిలి బిగించి కిందికి దించుతారు. స్వరూప మొగుడు సంపత్ ఆ కార్ఖానాలోనే ఎనిమిది సాంచాలు చూస్తాడు. పదిహేనేళ్లుగా ఆ చేతి భాషే అలవాటై, ఇంటికొచ్చినా అదే. అన్నం పెట్టమంటే ఐదు వేళ్లు నోటి దగ్గరికి తెస్తాడు. నర్సవ్వ అతని తల్లి. గుమ్మంలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, తల అటూ ఇటూ ఊపి జవాబు చెబుతుంది. స్వరూప మగ్గాలకు నూలు కండెలు చుడుతూ కనుబొమలతో అడుగుతుంది. మా పరిచయాలన్నీ అలా చేతులతోనే జరిగాయి.

వర్షిణి కూడా అంతే. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లు. రెండు అరచేతులూ చాపితే ఎత్తుకొమ్మని. మూడేళ్లు రాబోతున్నాయి, ఆ పిల్ల నోటి నుంచి ఒక్క మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూడదు. వెనక పళ్లెం పడినా ఉలిక్కిపడదు. ఒక్క కరెంటు పోయినప్పుడు మాత్రం గాఢ నిద్రలో ఉన్నా లేచి గుక్కపట్టి ఏడుస్తుంది. ఫ్యాన్ ఆగి ఉక్కపోస్తుందని ఇంట్లోవాళ్లు విసనకర్ర తీసుకునేవాళ్లు.

స్వరూప భయం ఇక్కడుంది. ఆమెకు ఇరవై రెండేళ్లు. ఎనిమిదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే, ఇంటిపని చేసే దిక్కులేక బడి మానేసింది. కడుపుతో ఉండగా తొమ్మిదో నెల దాకా ఆ కార్ఖానాలో, సాంచాల నడుమ కూర్చుని కండెలు చుట్టింది. ఆ మోతకు కడుపులోనే బిడ్డ చెవులు పోయాయని ఆమె గట్టిగా నమ్ముకుంది. ఎవరూ ఆ మాట అనలేదు. అయినా రోజూ తనకు తనే అనుకునేది. కరీంనగర్‌లో చెవుల డాక్టరుకు చూపించమని చాలామంది చెప్పారు. రెండుసార్లు బస్టాండు దాకా వెళ్లి, బస్సు ఎక్కకుండా తిరిగొచ్చింది. డాక్టరు అవునంటే ఇక దాన్ని కాదనేవాళ్లు ఉండరు కదా. సోమవారం వెంట్రుకలు తీయించాక మంగళవారం తప్పకుండా పోవాలని సంపత్ తేల్చి చెప్పాడు, అదీ చేతులతోనే.

అలా నేను వచ్చేసరికి ఆమెకు మూడు రోజులే ఉన్నాయి.

ఆదివారం పొద్దున నన్ను బిగించడానికి గంగాధర్ వచ్చాడు. సంపత్ అక్క మొగుడు, సాంచాలు బాగుచేసే మేస్త్రీ. తిరిగే వస్తువేదైనా తనకు లొంగుతుందని ఆయన ధీమా. నేను తిరిగేదాన్ని కాదని చెప్పడానికి నాకప్పుడు అవకాశం లేదు. సంపత్ తన సాంచాలను పక్కవాడికి అప్పజెప్పి ఒక గంటకు వచ్చాడు. పెట్టెలోంచి నన్ను ఒక్కొక్కటిగా తీసి చాప మీద పెట్టారు. నాతోపాటు వచ్చిన పుస్తకాన్ని గంగాధర్ అట్టపెట్టెలోనే వదిలేశాడు.

ఆయన లెక్క ఆయనది. అవతలి నుంచి మోత వస్తోంది గనక, ఇవతలి నుంచి దానికి ఎదురు మోత పోవాలి. అందుకని నా ఐదు స్పీకర్లనూ ఒకే వరసలో, టీవీ పైన చెక్క మీద, దేవుడి పటాల పక్కన నిలబెట్టి, మొహాలన్నీ కార్ఖానా గోడకేసి తిప్పాడు. ఐదుగురం గోడకేసి చూస్తూ, తప్పు చేసిన బడిపిల్లల్లా నిలబడ్డాం. వైర్ల కొసల తొడుగు పళ్లతో కొరికి లాగి, లోపలి సన్నని రాగి పోగులను అలాగే కుచ్చులా గుచ్చేశాడు. స్విచ్చి వేయకముందే చప్పుడు పూర్తిగా పెంచి పెట్టాడు. ఆ ఊళ్లో చిన్న గొంతుతో మొదలుపెట్టే మనిషిని నేనింతవరకు చూడలేదు.

స్విచ్చి వేశారు. నాలో ప్రాణం వచ్చింది. మూడు లెక్కపెట్టేలోగా నా గాజు కిటికీలో PROTECT అనే అక్షరాలు వెలిగి, నేను ఆరిపోయాను. మళ్లీ వేశారు, మళ్లీ అంతే. గంగాధర్ నా నెత్తి మీద రెండు దెబ్బలు వేశాడు, మొండికేసిన మోటారుకు వేసినట్టు. నాకు కోపం రాలేదు. ఆయన చేతికి తెలిసిన వైద్యం అదే. ఎనిమిదోసారికి విసిగిపోయి, నర్సవ్వ చెవి దగ్గర వంగి అరిచాడు. "ముంబయి మాల్ గింతనే అత్తా. లోపల కాలింది. వాపస్ పంపుండ్రి."

మేనమామ బదులు వచ్చినదాన్ని గుమ్మం దాటిన మర్నాడే కాలిందన్నారు. నర్సవ్వకు అది శకునంలా తోచి, చాట పక్కన పెట్టేసింది. మగవాళ్లిద్దరూ కార్ఖానాకు వెళ్లిపోయారు.

స్వరూప మాత్రం నన్ను వదిలేయలేదు. తమ్ముడు నెలల తరబడి దాచుకుని పంపిన వస్తువు అలా చావడం ఆమెకు మింగుడు పడలేదు. అట్టపెట్టెలోంచి పుస్తకం తీసింది. అంతా ఇంగ్లీషు. ఆమెకు అక్షరాలు వచ్చు, అర్థాలు రావు. అందుకని చదవలేదు, పోల్చుకుంది. నా కిటికీలో వెలిగిన ఏడు అక్షరాలను గోడ మీద బొగ్గుతో రాసుకుంది. ఆ తర్వాత పుస్తకంలో పేజీ పేజీకీ వేలు పెట్టి అదే వరస కోసం వెతికింది. బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు ఎలా కూర్చుంటారో అలా కూర్చుంది. పిల్ల పక్కనే ఖాళీ కండెలు వరసగా పేర్చుకుంటోంది.

ముప్ఫై ఒకటో పేజీలో దొరికింది. ఆ మాట పక్కన ఒక బొమ్మ. రెండు వైర్లు, వాటి కొసల్లోంచి విడిపోయిన పోగులు ఒకదాన్నొకటి తాకుతూ, పైన పెద్ద ఇంటూ గుర్తు. స్వరూప బొమ్మను చూసింది. తర్వాత నా వీపు చూసింది. గంగాధర్ గుచ్చిన కుచ్చుల్లో పోగులన్నీ అటువీ ఇటువీ కలిసి చిక్కుపడి ఉన్నాయి.

ఆమెకు ఇంగ్లీషు రాకపోవచ్చు. పోగు పోగుకు తగిలితే ఏమవుతుందో ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. వైర్లన్నీ ఊడబెరికి, ఒక్కో కొసనూ రెండు వేళ్ల మధ్య పెట్టి, తెగిన పడుగు పోగును అతికేటప్పుడు పురి పెట్టినట్టు సన్నగా, గట్టిగా పురి పెట్టింది. ఒక్క వెంట్రుకంత రాగి కూడా బయటికి కనపడలేదు. నన్ను తయారుచేసిన షెడ్డులో కూడా అంత మంచి ముడులు వేయలేదని నేను ఒప్పుకుంటాను.

పుస్తకంలో ఇంకొక బొమ్మ కూడా ఆమె చూసింది. నడుమ సోఫా, దాని చుట్టూ ఐదు స్పీకర్లు, మొహాలన్నీ సోఫా వైపు. వాళ్లింట్లో సోఫా లేదు. నవారు మంచం గది నడిమికి లాగింది. ముందు మూడు స్పీకర్లు టీవీ దగ్గర పెట్టింది. వెనకకు రెండు కావాలి. క్యాలెండరు మేకు ఒకటి, అద్దం మేకు ఒకటి ఖాళీ చేసి, కార్ఖానా దారాన్ని నాలుగు పేటలు పేని వాటికి నన్ను వేలాడదీసింది. అద్దం ఎక్కడ పెట్టాలని నర్సవ్వ చేతితో అడిగింది. స్వరూప కూడా చేతితోనే, తర్వాత చూద్దామని చెప్పింది.

ఈసారి చప్పుడు తగ్గించి స్విచ్చి వేసింది. నా కిటికీలో నీలి వెలుగు నిలబడింది. నాతోపాటు వచ్చిన డిస్కులో ఏదో డప్పుల పాట ఉంటే అది మింగి, మెల్లగా మొదలుపెట్టాను. ఆమె ఒక్కో మెట్టూ పెంచుతూ పోయింది. నా బరువు పెట్టె గుమ్మంది.

కండెలు పేరుస్తున్న పిల్ల చేయి ఆగింది. కళ్లు పెద్దవి చేసి నవ్వింది. నర్సవ్వ బీడీల చాట తోసేసి, పిల్లకు దిష్టి తీసి, కార్ఖానా గుమ్మం దాకా పోయి కొడుకునూ అల్లుణ్ణీ లాక్కొచ్చింది. "ఇన్నది రా, నా బిడ్డ ఇన్నది" అని ఆమె అరిచిన అరుపు ఆ మోతలో కూడా నాకు చేరింది. గంగాధర్ నన్ను చూసి, కాలిన వస్తువు ఎలా పాడుతోందో అర్థంగాక తల గోక్కున్నాడు. సంపత్ పిల్లను ఎత్తి తిప్పాడు. నేనూ ఉప్పొంగిపోయాను. నా డప్పులే కదా ఆ పని చేశాయి అనుకున్నాను.

ఒక్క స్వరూపే నవ్వలేదు.

పిల్ల మళ్లీ నేల మీద కూర్చున్నప్పుడు, ఆ పిల్ల ఎటు చూస్తోందో స్వరూప కనిపెట్టింది. నా వైపు కాదు. నేల వైపు. అరచేయి బండ మీద ఆనించి, డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా ఆ చేతిని చూసుకుని నవ్వుతోంది. స్వరూప వంగి, నా బరువు పెట్టె వైరు పీకేసింది. పాట బుల్లి స్పీకర్లలో సాగుతూనే ఉంది, సన్నగా, సాంచాల మోతలో సగం మునిగిపోయి. పిల్ల ఒకసారి నేలను తట్టి చూసి, కండెల దగ్గరికి వెళ్లిపోయింది.

నా పొంగంతా చప్పగా చల్లారింది. నర్సవ్వకు ఒళ్లు మండింది. కోడలి చెవి దగ్గరికొచ్చి అడిగింది. "మంచిగ నవ్వుతున్నది గదనే. మళ్ల ఆ వైరెందుకు గుంజినవ్?"

"చేతులకు, కాళ్లకు తెలిసింది అత్తమ్మా" అంది స్వరూప. "చెవులకు తెలుసుడు కావాలె నాకు."

ఆ మాట అన్నాక ఆమె మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. దారి లేదు మరి. సాంచాలు నడుస్తుంటే నా చిన్న గొంతు ఎవరికీ తెలియదు, చెవులు బాగున్నవాళ్లకు కూడా. సాంచాలు ఆగేది కరెంటు పోయినప్పుడే. కరెంటు పోతే నేనూ పోతాను. మేమిద్దరం, నేనూ నిశ్శబ్దమూ, ఆ ఊళ్లో ఎన్నడూ ఒకచోట కలవం.

ఎంతసేపు కూర్చుందో, పుస్తకం మళ్లీ తిప్పింది. స్పీకర్ల బొమ్మ కింద, ఒకదాని నుంచి ఒకదానికి బాణాలు గుండ్రంగా గీసి ఉన్నాయి. పక్కన రిమోటు బొమ్మలో ఒక బటన్ మీద నాలుగు అక్షరాలు. చేతిలోకి రిమోటు తీసుకుని ఆ నాలుగు అక్షరాలు పట్టుకుంది. నొక్కి, ఒక్కో స్పీకరుకూ చెవి ఆనించి విన్నది. షూ. బాణాలు ఎటు తిరిగాయో చప్పుడూ అటే తిరుగుతోంది. ఆమె మొహం మారింది. లేచి, కొంగు నడుముకు దోపి, కార్ఖానా గుమ్మంలోకి నడిచింది.

ఆమె కాన్పయ్యాక ఆ గుమ్మం తొక్కలేదు. గుమ్మం నా ఎదురుగానే ఉంది, అందుకే చెప్పగలుగుతున్నాను. ఆమె నిలబడి, కుడిచేయి పైకెత్తి, పిడికిలి బిగించి కిందికి దించింది. సంపత్ చూశాడు. ఎందుకని అడగలేదు. తన ఎనిమిది సాంచాల్లో మొదటిది ఆపాడు, రెండోది ఆపాడు. అవతలివాళ్లు అతన్ని చూశారు. ఆ గుర్తుకు అర్థం ఒకటే. గంగాధర్ వరస పొడుగునా నడుస్తూ అదే పిడికిలి చూపించుకుంటూ పోయాడు. ఒక్కొక్క సాంచా చల్లబడింది. చివరిది ఆగేసరికి, కార్ఖానా నడిపే ఆసామి గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చాడు. ఎవరైనా చస్తే తప్ప, కరెంటుండగా ఆయన సాంచాలు ఆగవు.

"ఎవలు పోయిండ్రు?" అన్నాడు.

"ఎవలు పోలే సేటు" అంది స్వరూప. ఆమె గొంతు ఆ కార్ఖానాలో అందరికీ వినపడటం అదే మొదటిసారి. "నా బిడ్డకు ఇనవడ్తదో లేదో చూసుకుంట. పది నిమిషాలు."

ఆసామి భుజం మీది తువ్వాలు తీసి మళ్లీ వేసుకుని, పక్కకు జరిగాడు.

నిశ్శబ్దం నాక్కూడా కొత్తే. నా కడుపులో కరెంటు గుర్రుమనడం నాకే వినపడింది. ఇంట్లో కండెల మధ్య కూర్చున్న వర్షిణి తలెత్తింది. అటు చూసింది, ఇటు చూసింది. పెదవి వంకర పోయింది. ఏడుపు అందుకుంది, కరెంటు పోయినప్పుడు ఏడ్చినట్టే.

స్వరూప గుమ్మంలోనే ఆగిపోయి పైకి చూసింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

నర్సవ్వ కూడా ఫ్యాన్ వైపే చూసింది. ఇన్నాళ్లూ ఊపిన విసనకర్ర గుర్తొచ్చినట్టుంది. కానీ స్వరూప అక్కడ కూడా తొందరపడలేదు. సాంచాలు ఆగితే నేల అదురు కూడా ఆగుతుంది కదా. మంచం మీద రెండు బొంతలు పరిచింది. నర్సవ్వను కూర్చోబెట్టి, ఆమె ఒళ్లో పిల్లను పెట్టింది. కాళ్లు నేలకు తగలకుండా పైకి మడిచింది. పిల్ల చేతికి రెండు కండెలిచ్చింది. నా బరువు పెట్టె వైరు ఇంకోసారి చూసుకుంది, ఊడే ఉంది. అప్పుడు రిమోటు నొక్కింది.

ముందు ఎడమ పలికాను. షూ. పిల్ల కండెలు ఆడుకుంటోంది.

నడుమ పలికాను. ఏమీ లేదు. నేను ఎన్ని పాటలకు పుట్టానో, ఎన్ని సినిమాలకు పుట్టానో, అవన్నీ వదులుకుంటాను, ఈ ఒక్క షూ ఆ పిల్లకు చేరితే చాలనుకున్నాను.

ముందు కుడి పలికాను. కండె చేతిలో ఆగింది.

వెనక కుడి. అద్దం మేకుకు వేలాడుతున్నది అది. పిల్ల భుజం మీదుగా వెనక్కి తిరిగి, సరిగ్గా ఆ స్పీకరు కళ్లల్లోకి చూసింది, దానికి కళ్లుంటే. వెనక ఎడమ. నాయనమ్మ మెడ చుట్టూ చేయి వేసి, అటు వంగి, క్యాలెండరు మేకును చూసింది. మళ్లీ ముందు ఎడమ, మళ్లీ నడుమ. ఆమె తల నాతోపాటే గది చుట్టూ తిరిగింది. మూడో చుట్టులో ఒక చిత్రం జరిగింది. నేనింకా వెనక కుడిలో ఉండగానే, ఆ పిల్ల వెనక ఎడమ వైపు తిరిగి, నేనెప్పుడొస్తానా అని నవ్వుతూ కూర్చుంది. నేను వచ్చాను. కిలకిలమంది.

గుమ్మం నిండా నేతగాళ్లు. చప్పుడు లేకపోయినా, మాట్లాడొచ్చని వాళ్లకు తట్టలేదు. నెరిసిన గడ్డం ఆయన ఒకడు ముందుకొచ్చి, రెండు చేతుల చూపుడువేళ్ల కొసలు తాకించి స్వరూపకు చూపించాడు. అతికింది. ఆ వెనకాల ఇంకొకరు, ఇంకొకరు, గుమ్మం పొడుగునా వేళ్లు లేచాయి. సంపత్ వేళ్లు మాత్రం ఒక పట్టాన కలవలేదు.

స్వరూప నా మైకు తీసుకుంది. మెల్లగా "వర్షిణీ" అంది. తన పేరు అయిదు దిక్కుల నుంచీ వచ్చేసరికి పిల్ల అయిదు దిక్కులూ చూసి, చివరికి అమ్మ నోటిని పట్టుకుంది. మంచం దిగి వచ్చి మైకు లాక్కుంది. పెదవులకు ఆనించుకుని, రెండు బుగ్గలూ బిగించి అంది.

"టక్. టకా. టక్, టకా."

నలభై ఎనిమిది సాంచాల మోత, ఏ కొసా పోకుండా. మూడేళ్లుగా ఆ పిల్ల విన్నదంతా అదే. మేమందరం ఆమెకు వినపడదనుకున్న రోజుల్లో ఆమె ఆ ఒక్క పాఠం ఒప్పజెప్పడానికి సిద్ధంగా ఉంది, అడిగినవాళ్లు లేరు. ఆసామి ముందు నవ్వాడు. తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. గంగాధర్ నా దగ్గరికొచ్చి, పొద్దున దెబ్బ వేసినచోటే అరచేత్తో నిమిరాడు. "ఎవలు కట్టిండ్రు చెల్లె వైర్లు?" అనడిగాడు. స్వరూప పట్టరాని నవ్వుతో తన రెండు వేళ్లు చూపించింది.

పది నిమిషాలు అన్నది ఇరవై అయింది. ఆ తర్వాతే సాంచాలు నడిచాయి.

మర్నాడు వేములవాడలో పిల్ల గంగాధర్ ఒళ్లో కూర్చుంది. నా రిమోటును మాత్రం నర్సవ్వ తువ్వాలులో చుట్టి తీసుకుపోయి, కత్తెర వేసేటప్పుడు పిల్ల ఒళ్లో పెట్టించింది. మేనమామ తరఫున ఏదో ఒకటి ఉండాలని. గుండు గీస్తున్నంతసేపూ పిల్ల టెస్ట్ బటన్ నొక్కుతూనే ఉందట. మంగళవారం స్వరూప బస్టాండుకు వెళ్లి, ఈసారి బస్సెక్కింది. కరీంనగర్‌లో డాక్టరమ్మ గాజు గదిలో కూర్చోబెట్టి చూసి, రెండు చెవులూ భేషుగ్గా ఉన్నాయని, పిల్లకు లేనిది వినికిడి కాదు, వినడానికి మాటలని చెప్పింది. ఇంట్లో నోరు విప్పి మాట్లాడమంది. స్వరూప ఇంకొక ప్రశ్న కూడా అడిగింది. తొమ్మిది నెలలు కండెలు చుట్టిన సంగతి. అందువల్ల ఏమీ కాలేదమ్మా అని ఆమె చెప్పిందని, ఆ సాయంత్రం నర్సవ్వకు చెబుతూ స్వరూప ఏడ్చిన ఏడుపు నేను విన్నాను. అది వినడానికి నాకు ఏ స్పీకరూ అక్కర్లేకపోయింది.

ఆ రోజు నుంచి నాకు సినిమాల పని తగ్గి, కబుర్ల పని పెరిగింది. స్వరూప మైకు పట్టుకుని రోజూ మాట్లాడేది. ఇది చెంచా, ఇది ఉల్లిగడ్డ, నాయనమ్మ బీడీలు చుడుతుంది. చప్పుడు మోతను దాటేలా పెంచుకునేది. సంపత్ మైకు ముందు నిలబడితే మొదట్లో ఏమీ తోచక గొంతు సవరించుకుని వెళ్లిపోయేవాడు. మనుషులకు ఒక మాట చెప్పడానికి ఎంత సామాను కావాలో నాకప్పుడు తెలిసింది. నెల తిరక్కముందే పిల్ల "అమ్మ" అంది. ఆ పైన ఇక ఆగలేదు.

ఇప్పుడు వర్షిణికి తొమ్మిదేళ్లు. నా డిస్కు నోరు పడిపోయి చాలా కాలమైంది. బరువు పెట్టె మీద నర్సవ్వ మందుల డబ్బా పెట్టుకుంటుంది. గాజు కిటికీలో సగం అక్షరాలు వెలగవు. టీవీలూ ఫోన్లూ కొత్తవి వచ్చాయి, నన్ను మాత్రం పాత సామానుకు ఎవరూ వేయలేదు. ఆ పిల్ల వాగుడు భరించలేక నర్సవ్వ అప్పుడప్పుడు పిడికిలి బిగించి కిందికి దించుతుంది, ఆపమని. వర్షిణి చూసీ చూడనట్టు ఇంకో కథ ఎత్తుకుంటుంది.

మొన్న మహేందర్ వచ్చాడు. తను పంపిన వస్తువును ఆరేళ్ల తర్వాత చూసి, దుమ్ము తుడిచి, దీంట్లో నీకు బాగా ఇష్టమైన పాట ఏదిరా అని కోడల్ని అడిగాడు. ఆమె పరిగెత్తి రిమోటు తెచ్చింది. అంకెలన్నీ చెరిగిపోయాయి. ఒక్క బటన్ మీద రంగే పోయి, గుంట పడింది. అది నొక్కింది.

షూ అన్నాను. ముందు ఎడమ, నడుమ, కుడి. వెనక ఎడమది ఇప్పుడు కొంచెం బొంగురు. మహేందర్ పాట ఎప్పుడొస్తుందా అని నా వైపు చూస్తూ నిలబడ్డాడు. గుమ్మంలో స్వరూప కండె పక్కన పెట్టి, కూతురిని చూస్తోంది. మామతో ఏదో గబగబా చెబుతూనే వర్షిణి తల, ఆమెకు తెలియకుండానే, నాతోపాటు గది చుట్టూ తిరిగింది. వెనక ఎడమ దగ్గరికి నాకంటే ముందే చేరి, నా కోసం ఆగింది.